14 రోజుల ఖాళీ: కొవిడ్ కాలంలో ఒక గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కేసు

ఈ కేసు 2020 జూన్‌కీ ఆగస్టుకీ మధ్య నడిచింది. నేను హైదరాబాద్‌లో రేడియేషన్ ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్‌కు రేడియేషన్‌తో వైద్యం చేసే డాక్టర్‌ని. ఆసుపత్రి పేరు చెప్పను. రోగి కుటుంబ వివరాలు, ఊరి ఆనవాళ్ళు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. రోజుల లెక్కలు మాత్రం ముట్టుకోలేదు. ఈ కేసంతా ఆ లెక్కల్లోనే ఉంది.

నేపథ్యం

ఆమె వయసు యాభైకి కాస్త ఇవతల. ఊరు కృష్ణకు అవతలి ఒడ్డున, పల్నాడు వైపు. సొంత పొలం లేదు. మిరపకోతల కాలంలో వచ్చే కూలితోనే ఏడాదిలో సగం ఖర్చు గడవాలి. ముట్లు ఆగిపోయి రెండేళ్ళయ్యాక, సంక్రాంతి ముందు మళ్ళీ రక్తం కనబడింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. ఆగింది, మళ్ళీ వచ్చింది. కోతలైపోయాక గుంటూరు వెళ్ళి చూపించుకుందాం అనుకున్నారు. ఈలోగా మార్చి 25, లాక్‌డౌన్ వచ్చింది. బస్సుల్లేవు. ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలావరకు ఓపీలు మూసేశారు. అత్యవసరమైతే తప్ప రావద్దన్నారు. ఆమెకు అవుతున్న రక్తస్రావం అత్యవసరమో కాదో చెప్పేవాళ్ళు మాత్రం దొరకలేదు.

జూన్ మొదటి వారంలో మా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. హైదరాబాదే ఎందుకంటే, చెల్లెలు ఇక్కడుంది. చెల్లెలి భర్త ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. సెల్లార్‌లో ఒకటే గది. 2019 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ కార్డు హైదరాబాద్‌లోని కొన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లుతూ వచ్చింది కాబట్టి వైద్యం ఖర్చు గండం గడిచింది.

బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. ఎమ్మారైలో స్టేజి 2బి. అంటే గర్భసంచి ముఖద్వారం దాటి పక్క కణజాలంలోకి పాకింది గాని, కటి గోడ దాకా పోలేదు. ఈ దశలో ఆపరేషన్ వైద్యం కాదు. అయిదు వారాల్లో 25 డోసులుగా బయటి నుంచి రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివర్లో గర్భసంచి లోపల పరికరం పెట్టి ఇచ్చే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ. ఇదంతా సవ్యంగా, సకాలంలో జరిగితే ముగ్గురిలో ఇద్దరి దాకా అయిదేళ్ళు దాటి బతుకుతారు. ఆ 'సకాలం' ఎనిమిది వారాలు. మొదటి డోసు నుంచి చివరి బ్రాకీ దాకా 56 రోజులు దాటితే, ఆపైన ఒక్కో రోజుకు అర శాతం నుంచి ఒక శాతం వరకు కటిభాగంలో జబ్బు అదుపు తప్పుతుందని పాత అనుభవాలన్నీ చెబుతున్నాయి.

మొదలుపెట్టడం

ఆ నెలల్లో రోగుల్ని ఆగగలిగినవాళ్ళు, ఆగలేనివాళ్ళు అని విడదీయడం మా రోజువారీ పనైపోయింది. ఈమె ఆగలేని వరసలో ఉందనడంలో ఎవరికీ అనుమానం లేదు. కానీ మెషీన్ ఒక్కటే. రోజుకు అరవై మందికి పైగా దాని మీదే. చోటు ఎలా దొరికిందో చెప్పాలి. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్‌ను కుదించడానికి గట్టి ఆధారాలున్నాయి. 25 రోజులది 15 రోజుల్లో ఇవ్వొచ్చని చాలా ఏళ్ళుగా తెలుసు. 26 గ్రేలను (గ్రే అంటే రేడియేషన్ కొలత) అయిదే రోజుల్లో ఇచ్చిన బ్రిటన్ ఫాస్ట్ ఫార్వర్డ్ ట్రయల్ ఫలితాలు 2020 ఏప్రిల్‌లోనే వచ్చాయి. తగినవాళ్ళని అటు మార్చాం. అలా ఖాళీ అయిన సమయం ఈమెకు దక్కింది.

మరి ఈమెకూ కుదించొచ్చు కదా అని మా ట్యూమర్ బోర్డులో, అంటే క్యాన్సర్ డాక్టర్లంతా కలిసి కేసులు చర్చించే సమావేశంలో, ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. గర్భసంచి ముఖద్వారం విషయంలో అప్పటికి నమ్మదగ్గ ఆధారం లేదు. సిస్‌ప్లాటిన్ నడుస్తుండగా పేగుల మీద పెద్ద డోసులు పడితే ఏమవుతుందో తెలియదు. మహమ్మారి పేరు చెప్పి ఆధారం లేని వైద్యం చేస్తే, దాని భారం మోసేది ఆమె. సౌకర్యం మాది. ఈ ఒక్క నిర్ణయం విషయంలో ఇప్పటికీ నాకు రెండో ఆలోచన లేదు.

రక్తం సంగతి వేరే కథ. రక్తదాన శిబిరాలు లేవు, ఊరి నుంచి దాతలు రాలేరు. ఒక యూనిట్ మరిది ఇచ్చాడు, ఒకటి మెషీన్ నడిపే మా టెక్నాలజిస్టు ఇచ్చాడు. జూన్ మూడో వారం, సోమవారం నాడు మొదటి డోసు పడింది. దాన్నే ఒకటో రోజు అనుకుందాం.

'పుండు'

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి.

మొదటి రోజు భర్త నన్ను పక్కకు పిలిచి, "గర్భసంచిలో పుండని చెప్పామండీ. ఆ పేరెత్తితే బెంగతోనే పోయిద్ది. కరెంటు పెడితే మానుద్దని చెప్పండి" అన్నాడు. మన దగ్గర ఇది కొత్త కాదు. రేడియేషన్‌ను 'కరెంటు' అనడం, క్యాన్సర్‌ను 'పుండు' అనడం, ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి రోగి ఒక్కరికే తెలియకపోవడం. మామూలు రోజుల్లో నేను రెండు మూడు వారాలు తీసుకుని, ఇంట్లోవాళ్ళని ఒప్పించి, మెల్లగా చెప్పేదాన్ని. ఆ జూన్‌లో ఓపీలో ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు. ఫేస్‌షీల్డు వెనక నుంచి అరిస్తే తప్ప మాట వినపడదు. క్యాన్సర్ అని అరవలేక, 'సరే, తర్వాత చూద్దాం' అనుకున్నాను. సమ్మతి పత్రంలో ఆ మాట అచ్చులో ఉంది. ఆమె వేలిముద్ర వేసింది. చదివి వినిపించలేదు.

తర్వాతి వారమే, రోగి తాలూకు వాళ్ళెవరినీ లోపలికి రానివ్వకూడదని నిబంధన వచ్చింది. అంటే ఏమైంది? ఆమె తరఫున మాట్లాడేవాళ్ళంతా గేటు బయట, సంగతి తెలియని ఆమె ఒక్కతే లోపల. సిస్‌ప్లాటిన్ రోజున చేతికి సూది పెడుతుంటే, పుండుకు ఇన్ని సెలైన్లు ఎందుకని నర్సును అడిగిందట. నర్సు నావైపు చూసింది.

14వ డోసు తర్వాత

18వ రోజు, గురువారం. 14వ డోసు అయ్యింది. ఆ సాయంత్రం జ్వరం. శుక్రవారం శాంపిల్ తీశారు, శనివారం పాజిటివ్ అని వచ్చింది. ఆక్సిజన్ బాగానే ఉంది, దగ్గు స్వల్పం. మామూలు మనిషైతే ఇంట్లోనే ఉండొచ్చు. కానీ అప్పుడే వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్ళకు హోమ్ ఐసొలేషన్ లేదు. ఉన్నా, సెల్లార్‌లో ఒకటే గది. ప్రభుత్వ కొవిడ్ ఆసుపత్రిలో చేర్చారు.

నా ముందున్న ప్రశ్న: పాజిటివ్‌గా ఉండగానే సోమవారం నుంచి రేడియేషన్ కొనసాగించాలా? ప్రపంచంలో కొన్ని కేంద్రాలు అలా చేస్తున్నాయి, రోజు చివరి స్లాటులో, పీపీఈ వేసుకుని. ఈ రకం క్యాన్సర్‌లో మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు మిగిలిన కణాలు వేగంగా పెరగడం మొదలెడతాయి. ఖాళీ రావడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు.

ఆపాలనడానికి కారణమూ చిన్నది కాదు. రేడియేషన్ గదికి కిటికీలుండవు. మీటరుకు పైగా మందం కాంక్రీటు గోడలు, ఉన్న గాలే తిరిగే ఏసీ. ఉన్న టెక్నాలజిస్టులు అయిదుగురు. ఒకరికి సోకితే మిగతావాళ్ళూ క్వారంటైన్‌కి పోతారు, మెషీన్ ఆగిపోతుంది, అరవై మంది డోసులూ ఆగిపోతాయి. వాళ్ళలో గొంతు క్యాన్సర్లున్నాయి. వాళ్ళ గడువూ ఇంతే బిగుతు. మొదటి వారం వైరస్ ఎక్కువగా బయటికొచ్చే రోజులు. అందుకని ఆపాను. ఆ పది రోజులు ఆపడం సరైనదేనని ఇప్పటికీ అంటాను. తర్వాత జరిగినది వేరు.

బెడిసినవి

2020 మే 8న కేంద్రం డిశ్చార్జి విధానం మార్చింది. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్ళని, లక్షణాలు మొదలైన పది రోజులకు, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే, మళ్ళీ పరీక్ష చేయకుండానే పంపొచ్చు. క్యాన్సర్ లాంటి జబ్బులతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు మాత్రం అదే విధానం ఒక నెగెటివ్ రిపోర్టు అడిగింది. అయినా కొవిడ్ ఆసుపత్రి ఆమెను స్వల్ప లక్షణాల లెక్కన 28వ రోజున, ఆదివారం, పంపేసింది. 29వ రోజు సోమవారం డోసు పడాలి.

పడలేదు. మా ఆసుపత్రి సొంత నిబంధన పాతదే: నెగెటివ్ రిపోర్టు ఉంటేనే లోపలికి. పరీక్ష చేస్తే మళ్ళీ పాజిటివ్. చచ్చిన వైరస్ ముక్కలు కూడా ఆర్‌టీ-పీసీఆర్‌లో వారాల తరబడి పట్టుబడతాయని అప్పటికే తెలుసు.  ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బాధ్యులకు ఫోన్ చేస్తే, వారం ఆగి మళ్ళీ చేద్దామన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పాజిటివ్ రిపోర్టున్న మనిషిని లోపలికి రానిచ్చి ఎవరికైనా సోకితే సంజాయిషీ ఇవ్వాల్సింది ఆయనే. ఆమె జబ్బు తిరగబెడితే రెండేళ్ళ తర్వాత ఆయన్ని అడిగేవాళ్ళెవరూ ఉండరు. కొవిడ్ కేసులకు రోజూ సాయంత్రం బులెటిన్ వచ్చేది. ఆగిన రేడియేషన్ డోసులకు బులెటిన్ లేదు.

వేరే కేంద్రానికి పంపుదామని రెండు చోట్ల అడిగాను. ఇద్దరూ నెగెటివ్ రిపోర్టే అడిగారు. పైగా మెషీన్ మారితే సీటీ తీయడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలు, ఆరోగ్యశ్రీ అనుమతి మళ్ళీ మొదలు. వారం పోతుంది. ఆ దారి వదిలేశాను.

మూడో ప్రయత్నం నేను చెడగొట్టుకున్నది. నేరుగా టెక్నాలజిస్టుల దగ్గరికి వెళ్ళి, రేపు చివరి స్లాటులో ఈమెకు చేసేద్దామన్నాను. ఒకతను, "మా ఆవిడకి ఏడో నెల, మేడం" అన్నాడు. ఇంకొకతని ఇంట్లో డెబ్బై దాటిన తల్లి. నేను విసుక్కున్నాను. డ్యూటీ డ్యూటీయే కదా అన్నాను. అప్పుడు వాళ్ళలో పెద్దవాడు నెమ్మదిగా ఒక మాటన్నాడు: "మీకు ఎన్-95 రోజూ ఇస్తున్నారు మేడం. మాకు సర్జికల్ మాస్కు. రోగిని బల్ల మీద సరిచేసేది మేం." నిజమే. రోజుకు అరవై మందికి రెండడుగుల దూరంలో నిలబడేది వాళ్ళు. స్టోర్స్ రిజిస్టర్‌లో ఎన్-95లు హోదా ప్రకారం పంచి ఉన్నాయి. త్యాగం అడగడానికి ముందు ఆ రిజిస్టర్ చూసి ఉండాల్సింది.

ఈలోగా అపార్ట్‌మెంటు సంఘం ఆమెను సెల్లార్ గదికి రానిచ్చేది లేదంది. చెల్లెలి భర్త ఉద్యోగం మీదికి వచ్చేలా ఉంది. రెండు రాత్రులు వాళ్ళు ఎక్కడున్నారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఫోన్లో చెప్పిన మాట

30వ రోజున ఆమెకు నేనే ఫోన్ చేశాను. కరెంటు ఆపేశారంటే, పుండు మానిపోయిందని ఆమె అనుకుంటోంది. ఇంటికి పోతానంటోంది. ఊరెళ్తే మళ్ళీ సరిహద్దు చెక్‌పోస్టు, పాసు, క్వారంటైన్. తిరిగి రావడం కల్ల. ఇక దాచడమంటే ఆమెను వైద్యం మానేయమనడమే. భర్తకు ముందుగా ఫోన్ చేసి, "నేను చెప్పబోతున్నాను, అనుమతి అడగడం లేదు, మీకు తెలియాలని చెబుతున్నాను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మీ ఇష్టం" అన్నాడు.

ఆమెకు చెప్పాను, క్యాన్సర్ అన్న మాట వాడి మరీ చెప్పాను. కాసేపాగి, "కరోనా అంటే మైకుల్లో అరిచి మరీ చెప్పారు గదా. దీనికేం, పేరు లేదనుకున్నారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు వైపులా ఉన్న ప్రమాదాలు వివరించాను: ఇప్పుడు మొదలుపెడితే ఒంట్లో నీరసం, తెల్లకణాలు పడిపోవడం, ఆగితే జబ్బు పెరగడం. "మిరప్పళ్ళు కోసి కల్లంలో పోశాక, సగం ఎండిన కాయ మీద వాన పడితే తాలైపోద్ది మేడంగారూ. ఎండబెట్టేదేదో పూర్తిగా ఎండబెట్టండి" అంది.

అంతకుముందు వేలిముద్ర వేసిన కాగితం కంటే ఈ మాటనే నేను సమ్మతిగా లెక్కేస్తాను. నర్సును రెండో లైన్లో సాక్షిగా ఉంచి, ఆమె అన్నది అన్నట్టే కేసు షీట్‌లో రాశాను.

పనిచేసినవి

మా ఆసుపత్రిలో ఎథిక్స్ కమిటీ ఉంది. అది పరిశోధనలు చూస్తుంది. 'ఈ రోగికి ఇవాళ వైద్యం ఆపొచ్చా' అన్న ప్రశ్నకు వేదికే లేదు. నలుగురితో ఒకటి పెట్టుకున్నాం: ఆమెను చూడని మరో ఆంకాలజిస్టు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, రేడియేషన్ డోసులు లెక్కగట్టే ఫిజిసిస్టు, పెద్ద టెక్నాలజిస్టు. కేసు నేను చెప్పాలి, నిర్ణయంలో మాత్రం నాకు ఓటు లేదు. ఈ షరతు నేనే పెట్టాను. నా రోగి గురించి అరవై మంది తరఫున న్యాయంగా ఆలోచించగలనని నాకు నమ్మకం లేదు.

ఫిజిసిస్టు ఒకే పేజీ తెచ్చాడు. ఆ పేజీ వల్లే పని జరిగింది. ఎడమవైపు ఇవాళ మొదలుపెడితే మొత్తం ఎన్ని రోజులకు పూర్తవుతుంది. కుడివైపు రెండో రిపోర్టు దాకా ఆగితే ఎన్ని రోజులు. కింద, ఒక్కో రోజుకు పోయేదెంత. అంతదాకా మేం కొవిడ్ ప్రమాదాన్ని అంకెల్లోనూ, ఆలస్యాన్ని 'కాస్త ఆలస్యం' అన్న మాటతోనూ మాట్లాడుతున్నాం. రెండూ ఒకే కాగితం మీదికి వచ్చాక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బాధ్యులు కూడా అభ్యంతరం చెప్పలేదు. లక్షణాలు మొదలైన పది రోజులు, రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి జాగ్రత్తకు ఇంకో నాలుగైదు రోజులు, జ్వరం లేకపోవడం. ఇది కొత్త నిబంధన. రిపోర్టు అక్కర్లేదు.

టెక్నాలజిస్టులకు ఎన్-95 అదే రోజు ఇచ్చారు. ఎవరు చేస్తారని ఆదేశించలేదు, అడిగాం. గర్భిణి భార్య ఉన్నతన్ని అడగనే లేదు. ఇద్దరు ముందుకొచ్చారు. మొదటి మూడు రోజులు బల్ల మీద ఆమెను సరిచేయడానికి మూడో మనిషిగా నేనూ లోపలికి వెళ్ళాను. అందులో వైద్యపరమైన అవసరం ఏమీ లేదు.

33వ రోజు, శుక్రవారం, 15వ డోసు. 14 రోజుల ఖాళీ, పోయినవి 10 డోసులు. మిగిలిన 11 డోసులు వారానికి ఆరు చొప్పున, శనివారాలు కలిపి, 45వ రోజుకు పూర్తిచేశాం. డోసు పరిమాణం పెంచి రోజులు తగ్గించే దారి కూడా ఉంది. పేగుల భయంతో అటు పోలేదు. సిస్‌ప్లాటిన్ అప్పటికి మూడు అయ్యాయి, ఇంకొక్కటి ఇచ్చి ఆపేశాం. సిస్‌ప్లాటిన్ మొత్తంమీద అయిదేళ్ళ బతుకు అవకాశాన్ని 6 శాతం మేర పెంచుతుంది. నాలుగు డోసులతో అందులో చాలాభాగం వస్తుందని, అయిదోది తెల్లకణాల్ని పడగొడితే మళ్ళీ రేడియేషనే ఆగుతుందని లెక్కేశాం.

బ్రాకీథెరపీ మామూలుగా వారానికొకటి చొప్పున నాలుగుసార్లు, ఒక్కోసారి 7 గ్రేలు. నాలుగు వెన్నుపూస మత్తులు, నాలుగు వారాలు. దాన్ని రెండుసార్లకు తెచ్చాం: ఒకసారి పరికరం పెట్టి సాయంత్రం ఒక డోసు, రాత్రంతా అలాగే ఉంచి పొద్దున ఇంకొకటి. డోసు తగ్గదు, మత్తు సగమవుతుంది, కాలం సగానికంటే తగ్గుతుంది. రాత్రంతా కదలకుండా పడుకోవాలి. అది ఆమెకు నరకమే. తోడుకు ఎవరినీ రానివ్వని రోజులు. ఆ రెండు రాత్రులకూ చెల్లెల్ని, పరీక్ష చేయించి, లోపలికి రానిచ్చేలా నలుగురి కమిటీ రాసిచ్చింది.

తోటి రోగులు అడిగారు: కరోనా వచ్చినవాళ్ళకు కూడా ఇదే బల్లా? దాచలేదు. పేరు చెప్పకుండా విధానం చెప్పి, ఒక కాగితం మీద రాసి వెయిటింగ్ హాలులో అంటించాం. ఒక పెద్దాయన రెండు రోజులు రావడం మానేశాడు. అతని గొంతు క్యాన్సర్‌కూ గడువు అంతే బిగుతు. ఫోన్ చేసి బతిమాలి తెచ్చాం. ఆ రెండు రోజులు మా నిర్ణయం ఖాతాలోనే వేయాలి.

లెక్క

మొదటి బ్రాకీ 47, 48 రోజుల్లో అయ్యింది. రెండోది 54, 55 రోజుల్లో కావాలి. మత్తు డాక్టర్లలో ఇద్దరు క్వారంటైన్‌లో ఉన్నారు. 58, 59 రోజుల్లో అయ్యింది. మొత్తం 59 రోజులు. గడువుకు మూడు ఎక్కువ. రిపోర్టు కోసం ఆగిన రోజులు నాలుగు.

మూడు నెలల తర్వాత పరీక్షలో జబ్బు కనబడలేదు. రెండేళ్ళు దాటాక చూసినప్పుడూ లేదు. మధ్యమధ్య మలంలో రక్తం పడుతుంది, అది రేడియేషన్ మిగిల్చినది. ఆ ఫలితం చూపించి మేం చేసింది సరైనదనడం కుదరదు. మూడు రోజులు ఎక్కువైనా బాగున్నవాళ్ళుంటారు, గడువులో పూర్తయినా తిరగబెట్టినవాళ్ళుంటారు. ఒక్క కేసుతో అది తేలదు.

తర్వాత మార్చుకున్నవి

రోగికి జబ్బు పేరు చెప్పడం మొదటి వారంలోనే అయిపోవాలని మా యూనిట్‌లో పట్టుబట్టాను. భర్తలు, కొడుకులు అడ్డుపడుతూనే ఉంటారు. వాళ్ళతో పోట్లాడను, "మీరు లోపలికి రాలేని రోజు వస్తే ఎవరు చెప్పాలి?" అని అడుగుతాను. చాలామంది ఒప్పుకుంటారు.

నలుగురి కమిటీ కొన్ని నెలలు నడిచి, కేసులు తగ్గాక తనంతట తనే ఆగిపోయింది. నిలబడింది ఒక రిజిస్టర్ మాత్రమే. రేడియేషన్ మధ్యలో ఆగిన ప్రతి రోగికీ ఒక వరస: ఎన్ని రోజులు, ఎందుకు, ఎవరు ఆపమన్నారు. ఆ చివరి గడి పెట్టినప్పుడు గొడవైంది, ఇది నిందలు వేయడానికా అని. కాదు, నా పేరే అందులో ఎక్కువసార్లు ఉంటుందన్నాను. ఉంది కూడా. ఈ కేసులో మొదటి పది రోజులకు నా పేరు, తర్వాతి నాలుగింటికి 'నిబంధన' అని రాసి ఉంది. ఆ మాట కొట్టేసి మళ్ళీ నా పేరే రాశాను. నిబంధన పాతదని తెలిసీ మూడు రోజులు ఫోన్లతో సరిపెట్టింది నేనే.

2021 మేలో, రెండో అల పీక్‌లో ఉండగా, ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులు సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. హైకోర్టు జోక్యం చేసుకున్నాక కదిలాయి. మాకు రావాల్సిన ఒక రోగికి రెండు డోసులు పోయాయి. రిజిస్టర్ పట్టుకుని రెసిడెంట్ డాక్టర్ వచ్చి, చివరి గడిలో ఎవరి పేరు రాయమంటారని అడిగింది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.